ఆర్మూరు బాటపై సంచార యువజన బృందములు

హైదరాబాదు నుండి నాగపురమునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారియు, నిజామాబాదు నుండి జగిత్యాల మీదుగా తూర్పునకు సాగు 63వ నంబరు రహదారియు ఒకదానినొకటి దాటుకొను చోట, సిద్ధులగుట్ట నల్లరాళ్ళ చెంత, ఆర్మూరు పట్టణమున్నది. ఈ కూడలిలో కొంతసేపు నిలుచున్నవానికి ఈ ప్రాంతపు బ్రతుకంతయు కన్నుల ముందు కదలిపోవును. మాఘఫాల్గుణములలో పసుపు బస్తాలతో నిజామాబాదు మార్కెట్టు యార్డునకు పోవు ట్రాక్టర్లు, అంకాపూరు నుండి కూరగాయలను మక్కబుట్టలను మోసికొనిపోవు వాహనములు, పెట్టెలకు త్రాళ్ళు బిగించుకొని శంషాబాదు విమానాశ్రయమునకును, అచ్చటినుండి దుబాయికో కువైటుకో సౌదీ అరేబియాకో పోవు యువకులు, వారిని సాగనంప వచ్చి బస్సు కదలిన పిదపకూడ అచ్చటనే నిలిచియుండు తల్లులు. పోవువారు అధికముగాను, వచ్చువారు స్వల్పముగాను ఉండు ఊరిది. ఇట్టి ఊళ్ళకు ఏ వ్యాపారమును లేక, ఏ ఉద్యోగమును లేక, కేవలము తమ యీడువారితో కూర్చుండి మాటలాడుటకును, పాడుటకును, ప్రార్థించుటకును వచ్చు కొందఱు యువతీయువకులను గూర్చి నేనిచ్చట వ్రాయదలచితిని.

వీరు కతోలిక సంఘపు సంచార యువజన సేవకులు. ఏడెనిమిదిమంది, ఒక్కొక్కమారు పదిమంది, తమకు తోడుగా ఒక గురువో ఒక మఠకన్యయో రాగా, అద్దె వాహనములోనో ఆర్టీసీ బస్సులోనో గిటారును, డోలకును, మైకు పెట్టెను వేసికొని ఒక విచారణనుండి, అనగా ఒక గురువు పాలనలోని స్థానిక సంఘమునుండి, మఱియొక విచారణకు పోవుదురు. పోయినచోట రెండు మూడు దినములు అచ్చటి యువజనులకు ధ్యానకూటము జరుపుదురు. పాటలు, నాటికలు, తమ బ్రతుకులో దేవుడు చేసిన మేలును చెప్పుకొను సాక్ష్యములు, చిన్నచిన్న గుంపులుగా కూర్చుండి జరుపు చర్చలు, సాయంకాలమున దివ్యసత్ప్రసాద ఆరాధన, పాపసంకీర్తనము, చివర దివ్యబలిపూజ, ఇది వారి కార్యక్రమము. వారు వచ్చునది తమ సంఘములో పుట్టి పెరిగినవారి కొఱకేకాని, ఇతర మతస్థులను తమవైపు మరల్చుకొనుటకు కాదు. ఈ మాటను మొదటనే చెప్పుట అవసరము. ఏలయన గిటారు చేతబట్టిన క్రైస్తవ యువకుడు ఊరిలోనికి వచ్చినంతనే శంకించు రోజులలో మనమున్నాము, ఆ శంక పొరుగువారి మధ్య గోడలు కట్టుచున్నది.

ఈ విధానమునకు నేటి లోకములో మిక్కిలి ప్రసిద్ధమైన రూపము 1981లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఆరంభమైన నెట్ మినిస్ట్రీస్ అను సంస్థ. యువతీయువకులు చదువును ఉద్యోగమును ఆపుకొని, ఇంచుమించు తొమ్మిది నెలలు ఒక వ్యానులో ఊరూరు తిరుగుచు, రాత్రులందు విశ్వాసుల గృహములలోనే బసచేయుచు, పాఠశాలలలోను విచారణలలోను ధ్యానకూటములు నడపుదురు. ఈ పద్ధతి కెనడా, ఆస్ట్రేలియా, ఐర్లండు, ఉగాండా దేశములకును వ్యాపించినది. మన దేశమున కేరళలో పుట్టిన జీసస్ యూత్ ఉద్యమములోకూడ తమ జీవితములో ఒక పూర్తి సంవత్సరమును సేవకిచ్చి ఇల్లు విడిచి పోవువారున్నారు. ఆ ఉద్యమమును రోమునగరము 2016లో అంతర్జాతీయ విశ్వాసుల సంఘముగా గుర్తించినది. 2019లో ఫ్రాన్సిస్ పాపుగారు యువజనుల నుద్దేశించి వెలువరించిన ప్రబోధములో, యువజన సేవకు కర్తలు యువజనులే కావలెనని స్పష్టముగా చెప్పిరి. పెద్దలు చేయవలసినది వారికి తోడు నిలుచుట.

ఐనను ఇది పాశ్చాత్యులనుండి అరువు తెచ్చుకొన్న పద్ధతి యని తలంచువారికి నేనొక పాతకథను జ్ఞప్తిచేసెదను. బౌద్ధుల సుత్తనిపాతమున బావరి యను వృద్ధాచార్యుని వృత్తాంతము కలదు. అశ్మకదేశమున గోదావరీతీరమున ఆశ్రమము కట్టుకొని వసించుచున్న ఆ బ్రాహ్మణుడు, బుద్ధుడు లోకమున ఉదయించెనను వార్త విని, తన పదునారుగురు శిష్యులను ఆయనను చూచి ప్రశ్నించి రమ్మని పంపెను. వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతము, శ్రావస్తి మీదుగా నడచి నడచి తుదకు మగధదేశమున ఆయనను కలిసికొనిరి. అశ్మకుల రాజధాని మన బోధనేయని, బావరి ఆశ్రమము నేటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి యొద్దనుండెనని భావించు చరిత్రకారులున్నారు. అనగా, ఆర్మూరు చుట్టుపట్ల నేల రెండున్నర వేల సంవత్సరముల క్రిందటనే సత్యాన్వేషణకై బృందముగా బయలుదేరినవారిని చూచియుండును. ఆ కథలో నన్ను ఆకర్షించు ఘట్టము వారి ప్రయాణముకంటె పింగియుని తిరుగుప్రయాణము. అతడు ఆ దూరమంతయు మరల నడచివచ్చి, తాను చూచినదానిని, విన్నదానిని వృద్ధుడైన గురువునకు విన్నవించెను. పోయినవాడు తిరిగి వచ్చుట, వచ్చి చెప్పుట, ఈ రెండును లేనిచో బావరికి ఆ యాత్రవలన కలిగిన ఫలమేమి?

మన క్రైస్తవచరిత్రయందును ఇదే కనబడును. 18వ శతాబ్ది ఆరంభమున పుంగనూరు ప్రాంతమునకు వచ్చిన యేసుసభ గురువులు కాషాయాంబరధారులై, శాకాహారులై, సన్న్యాసులవలె సంచరించిరి. 1855లో హైదరాబాదునకు వచ్చిన మిలాను గురువులును తిరిగినవారే. కాని పల్లెలలో విశ్వాసమును నిలిపినవారు వారికంటె ఎక్కువగా ఉపదేశులు. భుజమున సంచి, చేత జపమాల, కాలినడక; ఒక ఊరిలో ఆదివారము, మఱియొక ఊరిలో బుధవారము; రోగియొద్ద ప్రార్థన, పిల్లలకు జపములు నేర్పుట, తగవులు తీర్చుట. ఉపదేశి వచ్చెననగా మరల వచ్చునని ఊరివారికి తెలియును. ఆయన గొప్పవక్త కానక్కరలేదు. తిరిగి వచ్చువాడైనచో చాలును. 1915లో మన డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు ఆసుపత్రి నెలకొల్పిన ఇసబెల్ కెర్ వేఱొక సంఘమునకు చెందినది, వెస్లియన్ మెథడిస్టు. ఆమె పేరు నేటికిని ఈ జిల్లాలో గౌరవముతో తలంపబడుటకు కారణము ఆమె వచ్చుట కాదు, వచ్చి నిలుచుట.

ఇప్పుడు బాటమీది బ్రతుకును గూర్చి కొంత చెప్పవలెను. వేదికమీద పాడుచున్న బృందమును చూచినవారికి అది తెలియదు. తెల్లవారుజామున పరులయింట మేల్కొని, ఒక్క బకెట్టు నీళ్ళతో స్నానము ముగించుకొని, ఆరీయారని బట్టలు మడిచి, ప్రభాతప్రార్థన ఐనంతనే స్పీకరు పెట్టెలను మోసికొనిపోవలెను. కరెంటు పోవును, మైకు మొరాయించును, గొంతు బొంగురుపోవును. నిన్నటి ఊరిలో ఏడ్చుచు తన కష్టమును చెప్పుకొన్న అమ్మాయి ముఖము కన్నుల ముందునుండి పోకమునుపే, నేటి ఊరిలో నవ్వుచు పాట పాడించవలెను. హైదరాబాదులో ఇంజనీరింగు చదివినవాడు, ఖమ్మము జిల్లాలో నర్సింగు చదివిన అమ్మాయి, గుంటూరు వైపునుండి వచ్చినవాడు, నల్లగొండ పల్లెనుండి వచ్చినవాడు, వీరందఱును నెలల తరబడి ఒకే వాహనమున, ఒకే పళ్ళెముల వరుసలో, ఒంటరితనమన్నది లేక బ్రతుకవలెను. ఇంటియొద్దనైనచో అలిగి తలుపు వేసికొనవచ్చును. బృందములో వేసికొనుటకు తలుపుండదు. అందుచేతనే, రాత్రి పండుకొనుటకు ముందు ఆనాడు ఒకరినొకరు నొప్పించినదానిని నోటితో చెప్పుకొని క్షమాపణ వేడుకొను ఆచారమును మంచి బృందములు విడువవు. ఇరువది యేండ్ల వయస్సున దీనిని అభ్యసించినవాడు తరువాత భర్తయైనను, గురువైనను, కార్యాలయమున అధికారియైనను, అతని చుట్టునున్నవారు ధన్యులు.

ఈ సహవాసములో నేను అన్నిటికంటె విలువైనదిగా ఎంచునది కులభేదము కరగుట. మనము దాచిపెట్టుకొన్నంతమాత్రమున సత్యము మాఱదు: కృష్ణాగుంటూరు మండలములలో రెడ్డి, కమ్మ కుటుంబములకు చెందిన కతోలికులున్నారు, తెలుగునాట అంతటను దళితవాడల కతోలికులున్నారు, వీరిరువురును ఒకే బలిపీఠము ముందు మోకరిల్లుచున్నను ఒకే పందిట పెండ్లి భోజనమునకు కూర్చుండుట నేటికిని అరుదు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినలుగా నియుక్తులైనప్పుడు, తెలుగువారిలోను దళితులలోను ఆ స్థానమునందిన మొదటివారని మనమందఱము సంతోషించితిమి. ఆ సంతోషము సత్యమైనదే. కాని అది పల్లెలోని పళ్ళెమువఱకు దిగివచ్చుటకు ఇట్టి బృందములకంటె మంచి సాధనమును నేనెఱుగను. నెలల తరబడి ఒకే చెంబున నీళ్ళు త్రాగినవారు తమ బిడ్డల పెండ్లినాడు వేఱు బంతులు వేయించుట కష్టము.

బృందమునకు బస యెచ్చట అను ప్రశ్న చిన్నదిగా తోచును, కాని నా వాదమంతయు దానిమీదనే నిలిచియున్నది. వసతి గృహములో అందఱిని ఒకచోట ఉంచుట నిర్వాహకులకు సులువు. కాని లూకా సువార్తలో ప్రభువు డెబ్బదియిద్దఱు శిష్యులను ఇద్దఱిద్దఱిగా పంపినప్పుడు, సంచియు జాలెయు వలదనియు, ఒకే యింట నిలిచి వారు పెట్టినది భుజింపవలెననియు, ఇల్లిల్లు మారవలదనియు ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞలోని లోకజ్ఞానమును ఈ ప్రాంతపు ఇండ్లలో నిదురించినవారు గ్రహింతురు. భర్త గల్ఫులో, కుమారుడు గల్ఫులో, తాను చేటను ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచు కాలము గడపు ఇల్లాలి యింటికి ఇద్దఱు అమ్మాయిలు రాత్రి బసకు వచ్చెదరనుకొనుడు. ఆమె జొన్నరొట్టెలు చేయును, సర్వపిండి కాల్చును, శుక్రవారము కాకున్నచో కోడికూరయు వండును. తినినపిదప ఫోనులో కుమారుని ముఖము చూపును, వీసా కాగితములు తెచ్చి చదివి చెప్పుమనును, ఎవరికిని చెప్పని అప్పుమాట చెప్పును. అర్ధరాత్రివఱకు సాగు ఆ మాటలలో జరుగు సేవ ఏ వేదికమీదను జరుగదు. ఉదయమున వారు సంచులు భుజమున వేసికొనుచుండగా ఆమె అడుగునది ఒకటే: “మల్లెప్పుడొస్తరు బిడ్డా?”

ఆ ప్రశ్నకు నేటి బృందములలో చాలవానియొద్ద సమాధానము లేదు. ఇది నేను బాధతో చెప్పుచున్నమాట. రెండు దినములలో ఊరి యువకుల హృదయములు కరిగించి, కన్నీళ్ళు పెట్టించి, ప్రమాణములు చేయించి, మూడవనాడు ఉదయము వాహనమెక్కి పోయినచో, ఆ కరిగిన హృదయమును ఎవరు పట్టుకొనవలెను? పదునాఱేండ్ల బాలుడు మొదటిమారు నోరు తెఱచి, తండ్రి త్రాగి కొట్టుచున్నాడని చెప్పినప్పుడు, విన్న అన్న రేపటినుండి మఱియొక జిల్లాలో ఉండునని ఆ బాలునికి తెలిసినచో, అతడు మఱియొకమారు నోరు తెఱచునా? ఎన్ని విచారణలు దర్శించితిమి, ఎంతమంది హాజరైరి అను లెక్కలు నివేదికలకు అందమునిచ్చును. ఆ లెక్కలే బృందములను పరుగెత్తించుచున్నవి. నేనైతే మజిలీలను సగమునకు తగ్గింపుడని కోరెదను. ఒక్కొక్క విచారణలో రెండు దినములకు బదులు ఒక వారము నిలువవలెను. ఆ సంవత్సరములోనే మఱియొకమారు అదే విచారణకు, వీలైనచో అవే యిండ్లకు, రావలెను. రెండవమారు వచ్చినప్పుడు వేదిక వేయకున్నను చింతలేదు.

కాలనిర్ణయమును గూర్చియు ఒకమాట. జూనులో నాటిన పసుపు తొమ్మిది నెలలకు కోతకు వచ్చును; తవ్వుట, కొమ్ములను మండలను వేఱుచేయుట, ఉడకబెట్టుట, కల్లములో దినములకొలది ఎండబెట్టుట, పాలిష్ పట్టుట, ఇదంతయు ఇంచుమించు విభూది బుధవారమునకు ఆరంభమగు తపస్సుకాలముతో కలిసియే నడచును. ఆ దినములలో ఇచ్చటి యువకుడు ఉదయము పదిగంటలకు ధ్యానకూటమునకు రాడు, రాలేడు. అతడు రాలేదని నిట్టూర్చు బృందము తానే కల్లమునకు పోవలెను. పసుపుకొమ్ములను తిరుగవేయుచు మాటలాడవచ్చును. సాయంకాలము పనిముగిసిన పిదప అచ్చటనే సిలువమార్గము చేయవచ్చును. ధర లేక విసిగి 2019 లోకసభ ఎన్నికలో నిజామాబాదు నియోజకవర్గమున 178 మంది రైతులు నామపత్రములు వేసి పోటీకి నిలిచిన నేల ఇది. ఏండ్లతరబడి అడిగిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదులో ప్రారంభమైనది. ఈ సంగతులేవియు తెలియక వచ్చిన బృందము ఆర్మూరు యువకునితో నీ భవిష్యత్తు దేవునిచేతిలో నున్నదని చెప్పుట సులభము. ఆ మాట సత్యమే. ఐతే అతని తండ్రి ఈ యేడు క్వింటాలు ఎంతకు అమ్మెనో అడిగి తెలిసికొన్న పిదప చెప్పినచో, అది అతని చెవిలో సత్యముగా వినబడును.

గల్ఫునకు పోవువారిని గూర్చికూడ బృందములు ఆలోచింపవలెను. 2019 ఫిబ్రవరి 5న అబుధాబిలో ఫ్రాన్సిస్ పాపుగారు బహిరంగ దివ్యబలిపూజ చేసినప్పుడు లక్షకు మించిన జనము కూడెను. వారిలో అధికులు పరదేశములనుండి పొట్టకూటికి పోయిన కార్మికులే. ఇచ్చట విచారణలో ఎవరును పేరుపెట్టి పిలువని యువకుడు అచ్చట పూజకై గంటల తరబడి నిలుచుట మనకు సిగ్గును కలిగింపవలదా? పోవుటకు ముందే అతనితో కూర్చుండి, ఏజెంటు మాటలను పరీక్షించుటనుండి, అచ్చటి దేవాలయమునకు దారి చెప్పుటవఱకు, ఆ యీడు మిత్రుడు చేయగలిగిన మేలు మఱియెవరును చేయలేరు.

ఈ ప్రాంతమునకు మఱియొక విశేషమున్నది. నిజామాబాదు జిల్లా హైదరాబాదు అగ్రపీఠములోనిది. తూర్పుగా మెట్‌పల్లి వైపు పోయినచో వరంగల్ మేత్రాసనము. ఉత్తరముగా పోయి సోన్ వంతెనమీద గోదావరిని దాటినచో, 1999లో ఏర్పడిన ఆదిలాబాదు మేత్రాసనము. అది సీరో మలబారు సంప్రదాయమునకు చెందినది, అచ్చటి పూజావిధానము వేఱు. ఒకే నది, ఒకే పంట, ఒకే యాస, ఒకే వలసబాధ. ఐనను మూడు పీఠముల యువజనులు ఒకరినొకరు ఎఱుగరు. గీతలు పాలనకొఱకు గీయబడినవి. బాటమీద తిరుగువారు వానిని దాటవలెను. నదికావలి పూజలో పాడు పాటలను ఈవలివారు నేర్చుకొనినచో ఎవరి సంప్రదాయమును తఱుగదు.

ఇక తల్లిదండ్రుల భయములు. ఒక సంవత్సరము వృథాయగునని వారందురు. ఉద్యోగ పరీక్షల శిక్షణలలో మూడు నాలుగు సంవత్సరములు, వీసా వచ్చునని ఎదురుచూచుటలో ఒకటి రెండు సంవత్సరములు గడపు యువకులను మనము ప్రతివీధిలోను చూచుచున్నాము, దానిని వృథాయని ఎవరును అనుటలేదు. సేవకిచ్చిన సంవత్సరము మాత్రమే మన కండ్లకు నష్టముగా కనబడుచున్నది. 1951 ఏప్రిల్ 18న మన తెలంగాణములోని పోచంపల్లిలో భూదానమును అందుకొన్న వినోబా వెంట ఊరూరు నడచిన యువకులును తమ సంవత్సరములను పోగొట్టుకొన్నవారని మనము తలంచుటలేదు గదా. ఆడపిల్లల క్షేమమును గూర్చిన భయము మాత్రము న్యాయమైనది, దానిని తేలికగా త్రోసిపుచ్చు బృందనాయకునికి నేను నా యింటి పిల్లను అప్పగింపను. బస చేయు ప్రతియింట పెద్దదిక్కైన స్త్రీ యుండుట, ఇద్దఱికి తక్కువగా ఎచ్చటను ఉంచకుండుట, ఏ రాత్రియైనను పిలిచినంతనే పలుకు మఠకన్య ఫోను నంబరు ప్రతి పిల్లయొద్దను ఉండుట, పసివారితో పనిచేయువారికి ముందుగా శిక్షణనిచ్చి వ్రాతపూర్వకముగా నియమములు పెట్టుట, ఇవి లేక బృందమును బయలుదేరదీయుట తప్పు.

2027 ఆగస్టులో ప్రపంచ యువజన దినోత్సవము సియోలు నగరమున జరుగనున్నది. మన యువజనులలో పోగలిగినవారు పోవలెను, పోయి వేల దేశాంతరవాసులతో కలిసి ప్రార్థించి రావలెను. కాని పోనివారే అనేకులు. విమానపు టిక్కెట్టు ధర విని మౌనము వహించువారు ఆర్మూరు, బాల్కొండ, భీమ్‌గల్ పల్లెలలో మిక్కుటముగా ఉన్నారు. అందుచేత హైదరాబాదు, వరంగల్, ఆదిలాబాదు పీఠముల యువజన విభాగములవారిని నేను వేడుకొనునది ఇది: మీ మువ్వురును కలిసి ఒక్క ఉమ్మడి బృందమును ఏర్పఱచి, సంక్రాంతి నుండి ఈస్టరు వఱకు ఈ పసుపుపల్లెలలోనే ఉంచుడు, విత్తనము నాటు జూనులో వారినే మరల పంపుడు. సియోలునుండి తిరిగివచ్చినవారిని మరుసటి యేటి బృందములో చేర్పుడు. ప్రయాణఖర్చునకు విచారణలు తలా కొంత వేసికొనవచ్చును, బియ్యమునకు కొఱతయుండదు. బసకు ఇండ్లు కావలెనన్నచో, ఆదివారము పూజ ముగిసిన పిదప విచారణ గురువుగారిచేత ఒక్కమారు అడిగించి చూడుడు.